రిబ్బనుకు ఇవతల

రేషను డిపోలో మిషను సోములమ్మ వేలిముద్రను ఏనాడూ ఒక్కసారికి పట్టుకోదు. చెయ్యి తుడుచుకో, ఇంకో వేలు పెట్టు, గట్టిగా నొక్కు అంటూ డీలరు విసుక్కుంటాడు. వెనక లైన్లో వాళ్లు గొణుగుతారు. ఆమె రెండు అరచేతులకీ అడ్డంగా కాయలు కాసి, వేళ్ల కొసలు అరిగి నున్నగా అయిపోయాయి. కొత్తగా వచ్చిన డీలరు ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏటి పని సేత్తావమ్మా నువ్వు? రాళ్లు కొడతావా?"

"తాడు పడతాను బాబూ."

అతనికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక ఆమెకీ లేదు. అప్పటికి ఆమె తాడు పట్టడం మానేసి నాలుగు నెలలైంది.

ఆ పనేమిటో ముందు చెప్పుకోవాలి. డుంబ్రిగుడ దాటి కొండ ఎక్కితే ఊటగుడ వస్తుంది. అక్కడ చెట్లెక్కేవాళ్లు నాలుగైదు ఇళ్లవాళ్లే. కాఫీ తోటల్లో నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి ఏటా కొమ్మలు నరకాలి, వాటికి అల్లుకున్న మిరియం తీగల నుంచి గుత్తులు కొయ్యాలి. సోములమ్మ మొగుడు గాసి ఆ పనిలో ఆరితేరినవాడు. అరవై అడుగుల మానుని కోతి కూడా సిగ్గుపడేలా ఎక్కేవాడు. అతని నడుముకి కట్టిన తాడు పైన ఒక గట్టి కొమ్మ మీదుగా తిరిగి కిందికి వస్తుంది. ఆ కొస కింద ఒక మనిషి పట్టుకోవాలి. పైవాడు జారితే బిగబట్టాలి, దిగేటప్పుడు కొంచెం కొంచెంగా వదలాలి.

ఆ కొస ఎవరు పట్టాలన్నదానికి ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకే కుండలో వండింది తినే మనిషే పట్టాలి. కూలిమనిషి పట్టకూడదు. సొంత తమ్ముడైనా వేరు కాపురం పెట్టాక పట్టకూడదు. పైవాడు పడితే ఎవరి పొయ్యి ఆరిపోతుందో ఆ చెయ్యి మాత్రమే తాడు వదలదని వాళ్ల నమ్మకం. గాసికి మొదట్లో వాళ్ల అమ్మ పట్టేది. సోములమ్మ కాపురానికి వచ్చిన మూడో నెలలో ఆ ముసలావిడ తాడు కొస తెచ్చి కోడలి చేతిలో పెట్టి, "ఇయ్యేల్టి నించి నీదే" అని పోయి చెట్టు నీడన కూర్చుంది. అత్త ఇచ్చిన సొమ్ము ఆమెకి అదొక్కటే.

తాడు పడితే పని అయిపోదు. ఏ కొమ్మ మీదైనా బరువు వేసేముందు గాసి గొడ్డలి తిరగేసి మానుని మూడు దెబ్బలు కొడతాడు. కింద సోములమ్మ మానుకి చెవి ఆనించి వింటుంది. లోపల చేవ ఉంటే దెబ్బ గట్టిగా వచ్చి చెవికి తగులుతుంది. డొల్లయితే ఖాళీ బిందె మీద కొట్టినట్టు ఉంటుంది. పైన గాలి హోరులో ఆ తేడా ఎక్కినవాడికి తెలియదు, మానుకి ఆనిన చెవికే తెలుస్తుంది. ఆమె "ఎక్కు" అంటే ఎక్కుతాడు, "దిగు" అంటే దిగుతాడు. ఇంట్లో ఆమె ఒక మాటంటే పది మాటలు అనే మనిషి, చెట్టు మీద మాత్రం ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అలా ఇరవై ఆరేళ్లు. మూడుసార్లు జారాడు గానీ ఒక్కసారీ నేల తగల్లేదు. ఆ మూడుసార్లూ అరచేతుల తోలు ఊడిపోయింది. పసుపు రాసుకుని మళ్లీ పట్టింది.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పకపోతే తర్వాత జరిగింది విని, ఈమెకి బుద్ధి లేదా అనుకుంటారు. ఆ కొండల్లో విత్తనాలకి ముందు ఊరి దేవతని కొలిచేటప్పుడు, అడ్డతీగ నారతో దారం పేని, ఊరి దారికి అడ్డంగా కడతారు. మూడు రోజులు లోపలివాళ్లు బయటికి పోరు, బయటివాళ్లు లోపలికి రారు. ఆ దారం ఎవరినీ ఆపేంత గట్టిదేమీ కాదు, మేకపిల్ల కూడా దూకేస్తుంది. కాని ఎవరైనా దాటితే కీడు దాటినవాడికి తగలదు, లోపల ఉన్నవాళ్లకి తగులుతుంది. సోములమ్మకి ఎనిమిదేళ్లప్పుడు సాలూరు నుంచి బట్టల మూట మోసుకొచ్చిన వర్తకుడొకడు, వద్దన్నా వినకుండా నవ్వుతూ దాటేశాడు. ఆ వానల్లోనే ఆమె తమ్ముడు జ్వరం వచ్చి పోయాడు. అది మలేరియా అని ఇప్పుడు ఆమెకీ తెలుసు. తెలిసినా, అడ్డంగా కట్టింది ఏది కనబడినా ఆమె కాలు దానంతట అదే ఆగిపోతుంది.

ఇక కాలనీ సంగతి. అరకు టౌను అంచున పాత కాఫీ తోటని చదును చేసి పాతిక ఇళ్లు లేపారు. గిరిజనులు తప్ప వేరొకరు కొనకూడని ఆ భూములు ఎవరి పేరున ఉన్నాయని అడగకూడదు. ఉంటున్నది మాత్రం కొండ కిందివాళ్లు. చూడ్డానికి బాగుంటాయని నాలుగు సిల్వర్ ఓక్‌లు అక్కడక్కడా ఉంచేశారు. అవి పెరగడం మానవు కదా. మొదట్లో ఏ కొమ్మ అడ్డొచ్చినా గాసినే పిలిచేవారు. ఒక తుపానుకి పెద్ద కొమ్మ విరిగి ఎవరిదో కారు మీద పడింది. మనిషికి దెబ్బ తగిలితే అంత గోల జరిగేది కాదేమో, కారు కాబట్టి మీటింగు పెట్టారు. కాలనీ పెద్ద గణపతిరావు, రిటైరైన ఇంజనీరు, ఫోనులో చూసి చదివాడు. ఇళ్ల దగ్గర చెట్లు తీయించాలంటే సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు ఉన్న నిపుణుల్నే పిలవాలట.

"గాసి మంచివాడే. కాదనను. కానీ రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?" అన్నాడు.

అందరూ తలలూపారు. ఆ ప్రశ్న కాస్త గుర్తుపెట్టుకోండి.

విశాఖపట్నం నుంచి కంపెనీ వచ్చింది. వ్యాను మీద చెట్టు బొమ్మ, లోపల రంగురంగుల తాళ్లు, కరెంటు లేకుండా కోసే రంపం మిషను. సర్టిఫికెట్టు ఉన్న ఆసామి మాత్రం పట్నంలో ఆఫీసులోనే ఉన్నాడు. కొండెక్కి వచ్చింది సూపర్‌వైజరు వరహాలరావు, అతనితో ఇద్దరు పనివాళ్లు. వాళ్లు సిల్వర్ ఓక్ కింద నిలబడి పైకి చూసి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంత ఎత్తు ఎక్కడం వాళ్లవల్ల కాలేదు. సాయంత్రానికల్లా వరహాలరావు ఊటగుడ దారి పట్టాడు.

గాసికి నారింజ రంగు జాకెట్టు ఇచ్చాడు, హెల్మెట్టు ఇచ్చాడు, మెడలో వేసుకోవడానికి ఫొటో ఉన్న కార్డు ఇచ్చాడు. కార్డు మీద గాసి పేరు, దాని కింద 'నిపుణుడు' అని ఉంది. అక్షరమ్ముక్క రాని మనిషి ఆ మాట ఎవరి చేతనో చదివించుకుని, డుంబ్రిగుడ సంతకి కూడా కార్డు మెడలో వేసుకునే వెళ్లాడు. ఉల్లిపాయలమ్మేవాడి దగ్గర కూడా దాన్ని సర్దుకుంటూ నిలబడ్డాడు. సోములమ్మ పక్కనే నడుస్తూ పళ్లు కొరుక్కుంది.

ఇంటికి రాగానే అడిగింది. "తాడెవులు పడతారు?"

"కంపినీ మనిసి పడతాడు. ఆడికి టైనింగు ఉన్నాది."

"ఆడు మన కుండలో తిన్నాడేటి?"

"ఎప్పుటి మాటలే అయ్యి! నడుముకి బెల్టు ఏసి కొమ్మకి కొక్కెం తగిలిత్తారు. ఏనుగు ఏలాడినా తెగదంట. ఇంక నువ్వు తాడు పట్టక్కర్లేదు. నీ సేతులు సూసుకున్నావా, ఎలాగైపోనాయో?"

ఇరవై ఆరేళ్లలో అతను ఆమె చేతుల గురించి మాట్లాడడం అదే మొదటిసారి. పోట్లాటకి సిద్ధమై నిలబడిన మనిషి ఆ మాటతో పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు పోట్లాడి ఉండాల్సిందని ఆమె ఇప్పటికీ కుమిలిపోతుంది. ప్రేమగా అన్న ఒక్క మాటకి పడిపోయానే అని తనని తానే తిట్టుకుంటుంది.

మూడు చెట్లు బాగానే అయ్యాయి. నాలుగోది గణపతిరావు ఇంటి పక్కది. నడిమధ్య నుంచి రెండుగా చీలి పెరిగిన చెట్టు, ఒక పాయ మేడ మీదికి వాలి ఉంది. దసరాకి టూరిస్టులు వస్తారు, మేడ మీది గదులు అద్దెకివ్వాలి, ఈలోగా చెట్టు తీసేయాలని ఆయన తొందర. ఆయన భయంలో తప్పేమీ లేదు. రాత్రి గాలి వేస్తే ఆ పాయ కిర్రుమనేదట.

ఆ రోజు సోములమ్మ గాసికి చోడంబలి గిన్నె పట్టుకుని వెళ్లింది. చెట్టు చూద్దామనే వెళ్లింది, అంబలి ఒక సాకు. గేటు స్తంభం నుంచి పూలకుండీల దాకా, అక్కడి నుంచి ప్రహరీ దాకా, చెట్టు చుట్టూ ఎరుపూ తెలుపూ చారల ప్లాస్టిక్ రిబ్బను కట్టి ఉంది. మధ్యలో సాగి మోకాళ్ల ఎత్తున వేలాడుతోంది. ఆమె అలవాటుగా మాను దగ్గరికి నడవబోయింది.

"అమ్మా, ఆగాగు!" వరహాలరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "రిబ్బను దాటి ఎవరూ రాకూడదు. నువ్వు దాటితే లోపల ఉన్నవాళ్ల ప్రాణానికి ప్రమాదం. పైన మీ ఆయనే ఉన్నాడు, తెలుసుగా?"

అతను తన పుస్తకంలో ఉన్న మాటే చెప్పాడు. ఆమెకి మాత్రం తమ్ముడి మొహం కళ్ల ముందు ఆడింది. ఆగిపోయింది.

గాసి అప్పటికే చీలిక దాకా ఎక్కాడు. మేడ వైపు పాయకి కొక్కెం తగిలించారు, నరకాల్సిందీ ఆ పాయ తలే. సోములమ్మ అయితే తాడుని రెండో పాయ మీదుగా వేయించేది. చీలిక కింద మాను మీద నల్లటి నీళ్ల చార ఒకటి దిగి ఉంది, దాని పక్కన తెల్లగా నాలుగు పుట్టగొడుగులు. లోపల నీళ్లు దిగి కుళ్లిన మానుకే అవి మొలుస్తాయి.

గాసి గొడ్డలి తిరగేసి మూడు దెబ్బలు కొట్టాడు. కొట్టి, అలవాటు చొప్పున మాను మొదటికేసి చూశాడు. అక్కడ కంపెనీ మనిషి కొమ్మ లాగే తాడు పట్టుకుని బీడీ ముట్టించుకుంటున్నాడు. గాసి చూపు వెతుక్కుంటూ వచ్చి రిబ్బను ఇవతల ఆమె మీద ఆగింది. ఏటి, ఎక్కనా దిగనా అని అడిగే చూపు. ఆ దూరం పదిహేను అడుగులుంటుంది. అంత దూరానికి దెబ్బ వినబడుతుంది గానీ లోపలి మాట వినబడదు.

"బాబూ, ఒక్కపాలి సెట్టుకి సెవి ఆనిత్తాను. మరి ఎల్లిపోతాను," అంది వరహాలరావుతో.

"చెట్టుకి చెవి ఆనించి ఏం వింటావమ్మా, గుండె చప్పుడా?" నవ్వాడు. వెటకారంగా కూడా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "అన్నీ చెక్ చేశాం. భయపడకు."

మేడ మీద నుంచి గణపతిరావు ఫోనుతో వీడియో తీస్తున్నాడు. సోములమ్మ కాలు ఎత్తింది. రిబ్బను మీదుగా పెట్టబోయి, పైన వేలాడుతున్న మొగుణ్ణి చూసి, మళ్లీ ఇవతలే దించేసింది. "మావా, దిగిపో! సెట్టు మంచిది కాదు, దిగిపో!" అని అరిచింది. అప్పటికే రంపం మిషను మొదలైంది. ఆ రొదలో ఆమె మాట ఆమెకే వినబడలేదు.

తెగిన తల ఒరిగింది. ఆ ఊపుకి చీలిక దగ్గర పెద్ద చప్పుడు అయింది. ఏనుగు వేలాడినా తెగని బెల్టు నిజంగానే తెగలేదు. విరిగిన పాయతో పాటు గాసినీ భద్రంగా కిందికి తెచ్చింది.

అప్పుడు దాటింది సోములమ్మ. ఎలా దాటిందో తెలియదు. రిబ్బను తెగి ఆమె నడుముకి చుట్టుకుని ఆసుపత్రి దాకా వచ్చింది. నర్సు కత్తిరించి తీసేదాకా అది తన ఒంటి మీద ఉందని కూడా ఆమె ఎరగదు. చీలిక లోపలంతా కుళ్లిపోయి ఉందని, తడిసిన కాఫీ పొడిలా చేతికి రాలుతోందని చూసినవాళ్లు చెప్పారు. ఎవరూ చెప్పక్కర్లేదు ఆమెకి.

విశాఖలో పెద్దాసుపత్రిలో రెండు నెలలు. ప్రాణం నిలబెట్టారు. వెన్నెముక మాత్రం వాళ్ల చేతిలో లేదన్నారు. నడుము కింద గాసికి ఇప్పుడు ఏమీ తెలియదు, గిల్లినా తెలియదు. ఆసుపత్రిలో తెలివి వచ్చిన నాలుగో రోజు అతను ఒకే ఒక్కసారి అడిగాడు.

"మూడు దెబ్బలు కొట్టినాను కదే. నీ మాట ఇనపల్లేదు."

"నాను అక్కడ లేను మావా. రిబ్బను కట్టీసినారు."

"ఓహో," అన్నాడు గాసి. మళ్లీ ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. తిట్టినా బాగుండునని ఆమెకి ఉంది. తిట్టడు.

కంపెనీవాళ్లు లిస్టు తీసి చూపించారు. మెడలో కార్డు మీద ఉన్న పేరు ఆ లిస్టులో లేదు. ఆ కార్డు కాలనీ గేటు దగ్గర చూపించడానికేనట, ఇన్సూరెన్సుకి కాదట. గణపతిరావు రెండుసార్లు ఫోను చేసి పరామర్శించాడు. పాపం, ఆయనకీ నిద్ర పట్టడం లేదన్నాడు. తర్వాత పట్టిందేమో, ఫోను రాలేదు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కాలనీ మీటింగులో మళ్లీ ఎవరూ అడగలేదు.

విచారణకి ఒక అధికారి వచ్చాడు. మంచి మనిషే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ప్రమాదం జరిగినప్పుడు నువ్వు ఎక్కడున్నావమ్మా?"

"రిబ్బనుకి ఇవతల బాబూ."

"చెట్టు బాగాలేదని నీకు అనుమానం వచ్చిందంటున్నావు. మరి లోపలికి ఎందుకు వెళ్లలేదు?"

"దాటకూడదన్నారు. దాటితే నోపలున్నోలికి పెమాదమన్నారు."

దారం గురించి, తమ్ముడి గురించి చెప్పాలని నోటిదాకా వచ్చింది. టేబులు, కాగితాలు, ఆయన గడియారం చూసుకోవడం చూసి మింగేసింది. ఆయన రాసుకున్నది చదివి వినిపించాడు. పని జరిగే స్థలంలోకి ఇతరులు రాకుండా తగిన జాగ్రత్తలు తీసుకున్నారని గాయపడిన వ్యక్తి భార్యే స్వయంగా తెలిపింది. అదీ ఆమె ఇచ్చిన సాక్ష్యం. కింద వేలిముద్ర వేయమన్నారు. వేళ్లు అరిగిపోయి ఉండడంతో సరిగా పడలేదు. సిరా పూసి పూసి మూడుసార్లు వేయించుకున్నారు.

ఆమె కోపం ఎవరి మీదో ఆమెకే తేలదు. నవ్విన వరహాలరావు మీద కొన్నాళ్లు, కార్డు చూసి మురిసిపోయిన మొగుడి మీద కొన్నాళ్లు, తాడు చేతిలో పెట్టి చచ్చిపోయిన అత్త మీద కొన్నాళ్లు. తిరిగి తిరిగి ఆ కోపం తన కుడికాలి మీదికే వస్తుంది. ఎత్తి కూడా దించేసిన కాలు అది. ఒక్కోసారి గాసి ఒళ్లు తుడుస్తూ, చచ్చుబడిన అతని కాళ్లకేసి చూసి, నడవగలిగే తన కాలి మీద గుప్పిటతో గుద్దుకుంటుంది. గాసి మొహం గోడకేసి తిప్పుకుంటాడు.

మళ్లీ విత్తనాల ముందు రోజులొచ్చాయి. గాసికి నడుము దగ్గర పుండు పడింది. మూడు గంటలకోసారి అటూ ఇటూ తిప్పి పడుకోబెడితేనే అది మానుతుంది. లేకపోతే లోపలికి తొలుచుకుపోతుందని డాక్టరు చెప్పాడు. మందు అయిపోయింది. సోములమ్మ తెల్లారకుండా అతన్ని పక్కకి తిప్పి, డుంబ్రిగుడ వెళ్లి మందూ దూదీ తీసుకుని, ఎండ నడినెత్తికి రాకముందే తిరిగొచ్చింది. ఆమె వెళ్లేటప్పుడు లేని దారం ఇప్పుడు ఊరి మొదట్లో దారికి అడ్డంగా కట్టి ఉంది. మామిడాకులు కట్టిన నార దారం. దాని అవతల, ముహూర్తాలు చెప్పే దిసారి భీమన్న, మరో నలుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు.

"సోములమ్మా, ఆగే!" భీమన్న లేచి నిలబడ్డాడు. "ఇయ్యేల కొలుపని తెలీదేటి? మూడు పొద్దులు మీ సెల్లి కాడ ఉండు. గాసికి అంబలి మాయింటోల్లు పోత్తారు."

"ఆడిని తిప్పేదెవులు? పుండు కడిగేదెవులు?"

మగవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"మూడు పొద్దులే కదే," అన్నాడు భీమన్న, మెత్తగానే. "దాటితే నోపలున్నోలికి సెడు తగులుద్ది. నోపల నీ మొగుడే ఉన్నాడు."

సోములమ్మ మందుల సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. ఆమెకి భయం లేకపోలేదు.

"ఒకపాలి ఆగినాను భీమన్న బావా," అంది. "ఆగితే ఏటవుద్దో సూసినాను."

కుడికాలు ఎత్తి అవతల పెట్టింది. తర్వాత ఎడమకాలు. వెనక్కి చూడకుండా ఇంటికేసి నడిచింది. దారం కొంచెం ఊగి ఆగిపోయింది. మోకాళ్ల ఎత్తే ఉంది అది, రిబ్బను ఉన్నంత ఎత్తే.